గడగడా చదివేస్తే సరిపోతుందా?

మీ అబ్బాయి రెండో తరగతి. ఇంటికి చుట్టాలొచ్చారు. "ఏదీ, మామయ్యకు పేపరు చదివి వినిపించు నాన్నా" అన్నారు మీరు. వాడు పేపరు అందుకుని పై వార్త మొదలుపెట్టాడు. 'ద్రవ్యోల్బణం' దగ్గర ఆగి, ద్ర... వ్యో... ల్బ... ణం అని కూడబలుక్కుని, మళ్లీ అందుకుని పేరా చివరిదాకా వెళ్లిపోయాడు. మామయ్య భుజం తట్టాడు. మీకు గర్వంగా అనిపించింది. గర్వపడాల్సిందే. ఏడేళ్ల పిల్లవాడు అన్ని ఒత్తులను దాటుకుంటూ పోవడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టి ఒక్క మాట అడగండి: "ఇంతకీ అందులో ఏముందిరా?" చాలామంది పిల్లలు ఇక్కడ నీళ్లు నములుతారు. కొందరు మళ్లీ పేపరు అందుకుని మొదటి వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెడతారు. జవాబు ఆ అక్షరాల్లోనే ఎక్కడో ఉందని వాళ్లకు తెలుసు. దాన్ని బయటికి తీయడం ఎలాగో తెలియదు.

వార్త వాడి వయసుకు మించినది కాబట్టి అర్థం కాలేదు, సరే. వాడి వాచకంలోని పాఠమే చదివించి అడిగి చూడండి. అక్కడా ఇలాగే జరిగితే ఈ అధ్యాయం మీ కోసమే.

తెలుగు లిపి పిల్లలకు ఒక మేలు చేస్తుంది. పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, ఎన్నడూ వినని మాటనైనా పలికేయవచ్చు. ఇంగ్లీషులో ఆ వీలు తక్కువ. తెలియని మాట ఎదురైతే పలకడం దగ్గరే పిల్ల తడబడుతుంది. ఆ తడబాటు టీచరు చెవిన పడుతుంది, టీచరు సాయానికి వస్తుంది. తెలుగులో ఆ తడబాటు వినిపించదు. అర్థం తెలియని మాట కూడా తెలిసిన మాటలాగే సాఫీగా నోట్లోంచి వచ్చేస్తుంది. వింటున్న మనం చదవడం వచ్చేసిందని ఊరుకుంటాం. నాలుగో తరగతిలో రాతలెక్కలు అర్థం కాక, ఐదులో సైన్సు పాఠం అర్థం కాక పిల్ల వెనకబడినప్పుడు "చిన్నప్పుడు బాగానే చదివేదే, ఏమైంది?" అని ఆశ్చర్యపోతాం.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఈ సంగతిని ఒక గుణకారంగా చెప్పారు. అచ్చులో ఉన్నదాన్ని మాటలుగా మార్చుకునే నేర్పు ఒకటి, విన్న భాషను అర్థం చేసుకునే శక్తి ఇంకొకటి. చదివి అర్థం చేసుకోవడమంటే ఈ రెండింటి లబ్ధం. కూడిక అయితే ఒకటి లేకున్నా రెండోది కొంత ఆదుకునేది. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే.

మన బళ్లూ ఇళ్లూ ఎక్కువగా పట్టించుకునేది మొదటిదాన్నే. రెండోది ఎదిగేకొద్దీ దానంతటదే వస్తుందనుకుంటాం. అది వినడం వల్ల, మాట్లాడటం వల్ల వస్తుంది. అంటే వినిపించేవాళ్లు, మాట్లాడేవాళ్లు పక్కన ఉండాలి.

అక్షరాల దగ్గర

అలాగని అక్షరాలను తేలిగ్గా తీసుకోమనడం లేదు. అక్కడా మన పరిస్థితి అంతంతమాత్రమే. ప్రథమ్ సంస్థ జరిపే అసర్ సర్వేలో పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు సుమారు 27 శాతమే. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టడానికీ, తెలంగాణ బళ్లలోకి 2022లో తొలిమెట్టు కార్యక్రమం రావడానికీ వెనకున్న బెంగ ఇలాంటిదే.

పిల్లలను నెలల తరబడి అక్షరాల దగ్గరే కూర్చోబెట్టడం వల్ల కూడా చాలా నష్టం జరుగుతోంది. అక్షరమాల అంతా దిద్దించాలి, ఆ తర్వాత గుణింతాలన్నీ కంఠతా రావాలి, ఆ తర్వాత ఒత్తులు, అప్పుడు గానీ వాక్యం లేదు. గుణింతాల రూపాలే ఐదు వందలు దాటతాయి. అన్నీ అయ్యేదాకా ఆగితే ఒకటో తరగతి గడిచిపోతుంది, పిల్ల చేతికి ఒక్క కథ రాదు. చదవడమంటే పలక మీద దిద్దడం, వరస అప్పజెప్పడం అనే అభిప్రాయం ఆ వయసులోనే పాతుకుపోతుంది.

నాలుగు అక్షరాలతో ఎంత దూరం పోవచ్చో చూడండి. త, ప, ట, డ. వాటికి దీర్ఘం ఒక్కటి. 'తాత పాట పాడాడా?' పూర్తి వాక్యం వచ్చేసింది. అందులో తాత ఉన్నాడు, పాట ఉంది, జవాబు చెప్పాలనిపించే ప్రశ్న ఉంది. బోర్డు మీద ఇది రాసి చదివిస్తే "మా తాత భజనలో పాడతాడు టీచర్" అని ఎవరో ఒకరు లేస్తారు. ఆ పిల్ల ఆ క్షణంలో చదివింది, అర్థం చేసుకుంది, తన బతుకుతో కలుపుకుంది. నాలుగు అక్షరాలకే ఇది సాధ్యమైతే మిగతావాటి కోసం ఎందుకు ఆగాలి? వారానికి రెండో మూడో అక్షరాలు, ఒక గుర్తు చేర్చుకుంటూ పోండి. చేర్చిన ప్రతిసారీ కొత్త వాక్యాలు పుట్టాలి. వాటిని పిల్లలే చెప్పాలి, మీరు బోర్డు మీద రాయాలి.

పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు చెప్పకండి. వ-మ, ప-ష, ద-థ-ధ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే పెద్దవాళ్లకు బాగా అర్థమవుతుంది, ఐదేళ్ల పిల్లలకు రెండూ కలిసిపోతాయి. ఒకటి గట్టిపడ్డాక రెండోది తీసుకోండి. త, న, మ, య, ర ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటిని పట్టిక వేసి నేర్పేకంటే నోట్లో నానే మాటల్లో చూపించడం మేలు: అత్త, అన్నం, అమ్మ, నెయ్యి, కర్ర.

రోజూ పదిహేను నిమిషాలు

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే పాటించగలమనుకుంటే దీన్ని పాటించండి. రోజూ పదిహేను నిమిషాలు పిల్లలకు పుస్తకం చదివి వినిపించండి. అక్షరాలు రాని వయసులోనే మొదలుపెట్టండి. అక్షరాలు వచ్చాక ఆపకండి. చాలా ఇళ్లలో ఇక్కడే తెగిపోతుంది. "నీకు చదవడం వచ్చుగా, ఇక నువ్వే చదువుకో" అనేస్తారు. రెండో తరగతి పిల్ల సొంతంగా చదవగలిగే కథలు చిన్నవి, సాదాసీదావి. విని అర్థం చేసుకోగలిగిన కథలు అంతకంటే ఎంతో పెద్దవి. వినిపించడం ఆపేస్తే ఆ పెద్ద కథలు ఆమెకు అందవు, వాటిలోని భాషా అందదు.

పిల్లలు ఇంట్లో వినే తెలుగు వేరు, పుస్తకంలో ఎదురయ్యే తెలుగు వేరు. జగిత్యాల పిల్ల "మా బాపు పొలం కాడికి పోయిండు" అంటుంది. టెక్కలి పిల్లాడు "మా నాన్న పొలానికెల్లినాడు" అంటాడు. వాచకం ఇద్దరికీ 'నాన్నగారు పొలానికి బయలుదేరారు' అని చెబుతుంది. పిల్లలిద్దరి భాషా నిండైన తెలుగే, అందులో లోపమేమీ లేదు. కానీ 'అంతలోనే', 'ఒకానొక', 'నిట్టూర్చాడు', 'మరుసటి రోజు' లాంటివి వీధిలో వినబడవు. కథల్లోనే వినబడతాయి. చెవికి ముందే పరిచయమైన మాట కాగితం మీద కనిపిస్తే పిల్ల దాన్ని గుర్తుపడుతుంది. చెవికి తెలియని మాటను కేవలం పలికి వదిలేస్తుంది.

గుజరాత్‌లోని భావనగర్‌లో పనిచేసిన గిజుభాయి బధేకా ఈ సంగతిని చాలా ముందే గ్రహించారు. ఆయన పుస్తకం 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. అందులో ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతి తీసుకుంటాడు. పిల్లలు ఎంతకీ కుదురుగా కూర్చోకపోతే కథ అందుకుంటాడు. కథ తర్వాత కథ చెబుతూ పోయి, ఆ ఆసక్తి మీదే చదవడాన్ని, తరగతి గ్రంథాలయాన్ని నిలబెడతాడు. బళ్లో పనిచేసే ప్రతి ఒక్కరూ ఏడాదికోసారైనా ఆ పుస్తకం చదవాలని నేను కోరుకుంటాను.

వినిపించడానికి నటన రానక్కర్లేదు, మంచి గొంతు ఉండక్కర్లేదు. పిల్లలకు పేజీ కనిపించేలా కూర్చోండి. చదువుతున్న వరస కింద వేలు కదుపుతూ పోండి, ఏ మాట ఎక్కడుందో వాళ్ల కళ్లు వాటంతటవే పట్టుకుంటాయి. బొమ్మ దగ్గర తొందరపడకండి. పుస్తకం మూసేదాకా ఫోను ఇంకో గదిలో ఉండనివ్వండి. ఐదేళ్ల పిల్ల నిన్నటి పుస్తకమే మళ్లీ కావాలంటే విసుక్కోకండి. మొదటిసారి ఏం జరుగుతుందో వింటుంది, రెండోసారి ఎందుకు జరుగుతుందో వింటుంది, ఆ తర్వాత మాటలు వింటుంది. కంఠతా వచ్చిన పుస్తకాన్ని తానే పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తే "నీకు చదవడం రాదుగా" అని అడ్డు చెప్పకండి. అది చదవడంలో మొదటి అడుగు.

బడిలో దీన్ని ఎలా చేయవచ్చో ఏడు చేపల కథతో చూపిస్తాను. తెలుగు నేల మీద ఈ కథ తెలియని అవ్వ ఉండదు. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు కారణం, గడ్డిమోపుకు ఆవు, ఆవుకు పాలేరు, పాలేరుకు అవ్వ, అవ్వకు ఏడ్చే పిల్లాడు, పిల్లాడికి చీమ. కథ నడిచేదంతా 'ఎందుకు' మీదే. మొదటి రోజు చెప్పండి. రెండో రోజు చెబుతూ ప్రతి జవాబు ముందు ఆగండి. తరగతి మొత్తం పూర్తిచేస్తుంది. మూడో రోజు ఒకరు చేప, ఒకరు గడ్డిమోపు, ఒకరు ఆవు అవుతారు. ఎవరి జవాబు వాళ్లు తమ మాటల్లో చెబుతారు, మీరు దాన్ని ఉన్నదున్నట్టు అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసిస్తారు. "నన్ను పాలేరు ఇడ్సలేదు" అని ఆవు అంటే అలాగే రాయండి. నాలుగో రోజు అట్టలు కలిపేసి, ఎవరి అట్ట వాళ్లను వెతుక్కోమనండి. తన నోటి మాటను తానే చదువుకోవాలి కాబట్టి ఒకటో తరగతి పిల్ల కూడా పట్టుదలగా వెతుకుతుంది. ఐదో రోజు అట్టలను కథ వరసలో నేల మీద పేర్చమనండి. వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు. ఆవు ముందా, పాలేరు ముందా? ఆ వాదన జరుగుతున్నంతసేపు కల్పించుకోకండి. అర్థం చేసుకోవడమంటే అక్కడ జరుగుతున్నదే.

కథ అయ్యాక ఏం అడగాలి? 'ఈ కథలో నీతి ఏమిటి?' అని మాత్రం అడగకండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర రెండు మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి, అబద్ధం ఆడరాదు, ఐకమత్యమే బలం, అత్యాశ పనికిరాదు. కథ వినకపోయినా వాటిలో ఒకటి చెప్పేస్తారు. చీమ అలా కుట్టడం న్యాయమేనా? నువ్వు అవ్వవైతే ఎవరికి ముందు అన్నం పెట్టేదానివి? చేప ఎండబెట్టిన రాజకొడుకు ఇంటికెళ్లి ఏం చెప్పి ఉంటాడు? ఇలాంటివి అడగండి. వీటికి ఒకటే జవాబు ఉండదు, అందుకే జవాబు కోసం పిల్ల కథలోకి మళ్లీ వెళ్లాలి.

లోకజ్ఞానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఒక బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చి చూశారు. బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో వెనకబడ్డవాళ్లయినా సరే, ఆ ఆట తెలియని మంచి చదువరుల కంటే బాగా అర్థం చేసుకున్నారు. మన దగ్గర క్రికెట్ వార్త ఇచ్చి చూడండి, వాచకం అర్థం కాదనే పిల్లాడు ఆఖరి ఓవర్ మొత్తం విడమరిచి చెబుతాడు. కాబట్టి రైతుబజారుకు వెంటబెట్టుకెళ్లి కూరగాయల పేర్లు చెప్పడం, మోటారు బాగుచేసేచోట నిలబెట్టి ఏది ఏమిటో చూపించడం, వరి నాట్ల దగ్గర ప్రశ్నలకు ఓపిగ్గా జవాబివ్వడం కూడా చదువరిని తయారుచేసే పనులే. నారుమడి చూసిన పిల్లకు పాఠంలో 'నారుమడి' వస్తే అది ఉత్త శబ్దంగా మిగిలిపోదు.

తప్పు చదివినప్పుడు

వాచకంలో 'అమ్మ అన్నం వండుతోంది' అని ఉంది. పిల్ల 'అమ్మ బువ్వ వండుతుంది' అని చదివింది. చాలామంది వెంటనే ఆపి దిద్దిస్తారు. ఆపకండి. ఆ పిల్ల వాక్యాన్ని అర్థం చేసుకుని తన భాషలో బయటికి చెప్పింది. 'పోతున్నాడు' అని ఉన్నచోట 'పోతుండు' అని చదివే పిల్లాడూ అంతే. అర్థం తెలియకుండా అచ్చు తప్పకుండా పలికే పిల్ల కంటే వీళ్లు ముందున్నారు. అచ్చులో ఉన్నదాన్ని సరిగ్గా చూడటం ఎలాగూ అలవాటవుతుంది. మాట మాటకూ ఆపితే మాత్రం, చదవడమంటే టీచరుకు తప్పు దొరక్కుండా తప్పించుకోవడమని వాళ్లకు అనిపిస్తుంది.

ఇంకో రకం తప్పు ఉంది. 'మేక ఆకులు మేసింది' అని ఉంటే 'మేక ఆకులు మోసింది' అని చదివి ముందుకు వెళ్లిపోయింది. ఇది పట్టించుకోవాల్సిన తప్పు. ఏత్వం ఓత్వం తేడా పోయిందని కాదు, అర్థం కుదరకపోయినా ఆగలేదని. వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత మామూలుగా అడగండి: "మేక ఆకులు మోస్తుందా?" పిల్ల నవ్వుతుంది, వెనక్కి వెళ్లి తానే సరిచేసుకుంటుంది. మీరు 'మే' అని అందించి ఉంటే ఆ ఒక్క అక్షరం సరయ్యేది. తానే వెనక్కి వెళ్లడం వల్ల చదువుతూ చదువుతూ అర్థాన్ని సరిచూసుకునే అలవాటు మొదలవుతుంది. 

వేగం గురించి రెండు మాటలు. నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. బళ్లో అంచనాకు అది పనికొస్తుంది. ఇంట్లో గడియారం పట్టుకుని కూర్చోకండి. 'చదువుకుంటున్నప్పుడు' లాంటి పొడుగు మాటలున్న భాష మనది. పరుగు పెట్టిస్తే పిల్లలు మొదట వదిలేసేది అర్థాన్నే.

బీరువా తాళం

చాలా ప్రాథమిక పాఠశాలల్లో కథల పుస్తకాలు ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. ప్రధానోపాధ్యాయుల భయంలోనూ అర్థముంది. స్టాకు రిజిస్టరులో ఉన్న పుస్తకం చిరిగితే, పోతే, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది వాళ్లనే. దీనికి దారి ఉంది. ఏడాది మొదట్లోనే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పిల్లల చేతుల్లో పుస్తకాలు నలుగుతాయని, కొన్ని చిరుగుతాయని చెప్పి తీర్మానం రాయించండి. చిరిగినవాటికి విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి. తర్వాత తరగతి గోడకు పిల్లల ఎత్తులో తాడు కట్టి, పుస్తకాలను నడిమికి తెరిచి దాని మీద వేలాడదీయండి. అట్ట కనబడాలి. వీపులు మాత్రమే కనబడేలా పేర్చిన పుస్తకాన్ని చిన్నపిల్లలు తీయరు. ఇచ్చిపుచ్చుకునే లెక్క నాలుగో తరగతి పిల్లలు రాయగలరు.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడంలో మనకు గొప్ప వారసత్వం ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతంలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టున ఉన్న ఊళ్లవాళ్లకు, పడవ ప్రయాణికులకు పుస్తకాలు అందాయి. ఆ రోజుల్లో అది సాధ్యమైతే, బీరువాకూ గోడకూ మధ్య ఉన్న పది అడుగులు ఇవాళ మనకు భారం కాకూడదు.

ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు దాన్నే తిరిగి అనే పద్ధతి గురించి కూడా చెప్పాలి. పాటకు అది బాగుంటుంది. చదవడానికి వచ్చేసరికి ముప్పై గొంతుల్లో చదవనివాళ్ల గొంతు దాక్కుంటుంది. పాఠం కంఠతా వచ్చి, కళ్లు కిటికీ వైపు ఉన్నా నోరు ఆడుతూనే ఉంటుంది. మూడో వరస మధ్యలో ఉన్న మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే తెలిసిపోతుంది. అలా చదవడం రాదని తేలినవాళ్లను అందరి ముందు నిలబెట్టకండి. రోజుకు ఒక గంట తరగతితో సంబంధం లేకుండా, ఎవరు ఎంతవరకు చదవగలరో ఆ గుంపుగా కూర్చోబెట్టి నేర్పండి. అక్షరాల దగ్గరున్న మూడో తరగతి పిల్లవాడికి మూడో తరగతి పాఠం ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి వచ్చిన ద్విభాషా వాచకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కదా అని తెలుగు పేజీని వదిలేయకండి. ముందు తెలుగు పేజీ చదివి, దాని గురించి మాట్లాడుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్తే అర్థం అప్పటికే పిల్ల దగ్గర ఉంటుంది, భాష ఒక్కటే కొత్త. ఇంగ్లీషు చదవలేని అమ్మానాన్నలకు ఆ తెలుగు పేజీయే పిల్లల చదువులోకి దారి.

అమ్మకు చదవడం రాకపోతే

"మాకే చదువు రాదు, మేమేం చెబుతాం సార్" అని తలవంచుకునే తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సిన మాట: చదవడమనే గుణకారంలో రెండో సంఖ్య, విన్న భాషను అర్థం చేసుకునే శక్తి, మీ చేతిలోనే ఉంది. పొడుపు కథలు వేసే నానమ్మ, చేలో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పే నాన్న, సినిమా కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పమని అడిగే అమ్మ, వీళ్లందరూ చదవడం నేర్పుతున్నారు. రాత్రి పూట పిల్ల పుస్తకం తెచ్చి చదువుతుంటే పక్కన కూర్చుని వినండి. వింటూ "ఆ తర్వాతేమైంది?", "అయ్యో, వాడెందుకలా చేశాడే?" అంటే చాలు. ఆ ప్రశ్న అడగడానికి అక్షరం ముక్క రానక్కర్లేదు. అమ్మకు నిజంగా తెలియదు కాబట్టి తానే వివరించి చెప్పాలని పిల్లకు తెలుసు. బళ్లో టీచరు అడిగే ప్రశ్నకు ఆ బలం ఉండదు, టీచరుకు జవాబు ముందే తెలుసు కదా.

ఇంట్లో పుస్తకాలు లేవంటారు. శుభలేఖ ఉంది, కరెంటు బిల్లు ఉంది, మందుల చీటీ, విత్తనాల సంచి, ఆర్టీసీ బస్సు బోర్డు ఉన్నాయి. పెళ్లి ఎక్కడ, ఎన్ని గంటలకు, భోజనాలు ఎప్పుడు అని పిల్లనే చూసి చెప్పమనండి. అవసరం కోసం చదివినప్పుడు అర్థాన్ని వదిలేసి చదవడం కుదరదు.

దూరదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో కూడా చిక్కు అర్థం తెలియకుండా పలికేయడమే, ఇంకాస్త పెద్దది. మనబడి లాంటి వారాంతపు తరగతుల్లో పిల్లలు లిపి చక్కగా నేర్చుకుంటారు. ఏ పేజీ తీసినా పలుకుతారు. ఇంట్లో మాత్రం రోజంతా ఇంగ్లీషే. తాతయ్య, అమ్మమ్మ వీడియో కాల్ చేసినప్పుడు "తిన్నావా, బడికెళ్లావా" దగ్గర ఆగిపోకుండా, ఒకే పుస్తకం రెండుచోట్లా పెట్టుకుని వారానికి ఒక కథ చదివి వినిపిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఏ పుస్తకం ఇవ్వాలి

పిల్ల ఎంచుకున్నదే ఇవ్వాలి. మీరు చేయాల్సింది ఎంచుకోవడానికి నాలుగు పుస్తకాలు ముందు పెట్టడం. కష్టం ఎంతో తేల్చుకోవడానికి ఐదు వేళ్ల లెక్క ఒకటుంది. ఒక పేజీ చదువుతూ తెలియని మాటకు ఒక్కో వేలు మడవాలి. ఐదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి పెద్దది. తెలుగులో ఇక్కడ జాగ్రత్తపడాలి. పలకలేని మాటకు కాదు, అర్థం తెలియని మాటకు వేలు మడవమని చెప్పండి. పెద్దదని తేలిన పుస్తకాన్ని దాచేయకండి, అది మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం.

సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు చిన్నపిల్లల కోసం తక్కువ ధరలో మంచి బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చదివించవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలే రాసిన కథలున్నాయి, తమ వయసువాళ్లు రాశారని తెలిస్తే పిల్లలు మరింత ఇష్టంగా చదువుతారు. పాత చందమామలు దొరికితే వదలకండి. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఎన్నో తరాలకు చదవడం రుచి చూపించింది. కాకపోతే వాటి వాక్యాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి నాలుగో తరగతి దాకా మీరే చదివి వినిపించడం నయం.

బాగా వెనకబడ్డ పిల్ల

కొందరు పిల్లలు విన్న కథను అద్భుతంగా చెబుతారు, పుస్తకం తెరిస్తే మాత్రం వరస కదలదు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లను మొద్దు అనడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. చూపు, వినికిడి బాగానే ఉండి, ఏడాదిపాటు మంచి సాయం అందినా చదవడం నత్తనడకే అయితే డిస్లెక్సియా ఉందేమో నిపుణులకు చూపించాలి. తెలుగులాగా పలికినట్టే రాసే భాషల్లో ఇది తప్పులుగా కంటే విపరీతమైన నిదానంగానే ఎక్కువగా బయటపడుతుంది. తప్పులు లేవు కదా అని ఎవరూ అనుమానించరు, బద్ధకం అని తిడతారు. అలాంటి పిల్లలకు చదివి వినిపించడం ఒక్కరోజు కూడా మానకూడదు. కళ్లు అందించలేని భాషను, లోకజ్ఞానాన్ని చెవులు అందిస్తూ ఉండాలి.

ఐదో తరగతికి వచ్చి ఇంకా ఒకటో తరగతి పుస్తకం దగ్గరున్న పిల్లవాడికి ఆ పుస్తకం ఇస్తే చిన్నతనంగా ఉంటుంది. తోటివాళ్లు నవ్వుతారు. వాడికి ఒక పని అప్పజెప్పండి: శనివారం ఒకటో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించాలి. ఇప్పుడు ఆ బొమ్మల పుస్తకం వాడి చేతిలో ఉండటానికి గౌరవమైన కారణం ఉంది. సోమవారం పుస్తకం ఎంచుకోనివ్వండి. మూడు రోజులు మీ దగ్గర కూర్చుని సాధన చేయనివ్వండి, ఎక్కడ ఆగాలో, ఏ బొమ్మ ఎప్పుడు చూపించాలో మాట్లాడుకోండి. చిన్నవాళ్లను అడగడానికి రెండు ప్రశ్నలు వాడినే తయారుచేసుకోమనండి. ప్రశ్న తయారుచేయాలంటే కథ అర్థం కాక తప్పదు. శనివారం వాడు చదువుతున్నప్పుడు మీరు గదిలో వెనక కూర్చోండి, మాట తడబడినా అందించకండి. మొదటి నెల ముగ్గురు నలుగురు పిల్లల గుంపు చాలు. పెద్ద గుంపులో ఒక్కరు నవ్వినా వచ్చే వారం వాడు బడికి రాడు.